చీనా వైద్యమున మన కరక్కాయ

బెంగుళూరున చిరకాలముగా స్థిరపడిన యొక తెలుగు కుటుంబమునుండి ఇటీవల మాకొక లేఖ వచ్చినది. సింగపూరులో ఉద్యోగము చేయుచున్న కుమారుడు సెలవుపై వచ్చుచు, తల్లిగారి గొంతునొప్పికై అచ్చటి చీనావారి మందుల అంగడినుండి ఒక పొట్లము తెచ్చెననియు, దానిపై "హెజు" అను పేరున్నదనియు, దినమునకొక కాయ చొప్పున కాచి త్రాగుచున్నారనియు, ఇది యే దేశపు ఫలమో, తెలుగున దీనికి పేరున్నదో లేదో తెలుపవలసినదనియు ఆ లేఖ సారాంశము. హెజు అనగా కరక్కాయ. ప్రశ్నకు సమాధానము ఈ ఒక్క మాటతో ముగిసినది.

కాని విషయము ముగియలేదు. ఆ యింటనే త్రిఫలచూర్ణపు డబ్బా ఒకటి ఉన్నదట. ఆ సంగతియు లేఖలోనే యున్నది. ఒకే కాయ ఒకే యింట రెండు తావుల నుండి, ఒకచోట పరదేశపు గౌరవమును, మరియొకచోట అనామకత్వమును అనుభవించుచున్నది. ఇది ఆ యొక్క కుటుంబపు లోపమని మేము తలంచుట లేదు. రాష్ట్రేతరాంధ్రుల యిండ్లలో నూటికి ఎన్నియో యిండ్ల స్థితి ఇదియే. కావున ఈ వారము ఈ కాయను గూర్చియే వ్రాయుచున్నాము. మేము చెప్పదలచినది స్పష్టముగా ముందే చెప్పుదుము: చీనావారి హెజు మన కరక్కాయయే, అయినను అది చీనావారిది కూడ. ఇందు మొదటి మాటను మన పిల్లలు ఎరుగరు. రెండవ మాటను మన పెద్దలలో కొందరు ఒప్పుకొనరు.

కరక చెట్టు మన కొండల చెట్టు. తాని, తెల్లమద్ది, బాదము దీనికి దగ్గరి చుట్టములు. తూర్పు కనుమలలోను, పడమటి కనుమలలోను, హిమాలయపాదములందును, బర్మాలోను పెరిగి, చీనాదేశపు నైరృతిమూలనున్న యూనాన్ కొండలవరకు వ్యాపించినది. వృక్షశాస్త్రజ్ఞులు దీనికి టెర్మినేలియా చెబులా అని పేరిడిరి. చెబులా అను మాట కాబూలు నగరపు పేరునుండి పుట్టినది. ఐరోపావారికి ఈ సరకు ఆ దారిని అందుటచేత, అడవి ఒకరిది, పేరు మరియొకరిది అయినది. పచ్చికాయ నునుపుగా నుండును. ఎండిన పిమ్మట నిలువున అయిదు పలకలు తేరును. నోట వేసికొన్నచో మొదట వగరు, పిదప చేదు, నీరు త్రాగినంతనే తీపి. ఉప్పు తప్ప తక్కిన అయిదు రుచులును ఇందు కలవని ఆయుర్వేదము చెప్పుచున్నది. తమిళులు కడుక్కాయ్ అందురు, కన్నడిగులు అళలెకాయి అందురు, మహారాష్ట్రులకు ఇది హిరడా, ఉత్కళులకు హరిడా. మన సంఘములున్న ప్రతి సీమయందును ఇది దొరకును, ప్రతి సీమయందును దీనికొక పేరు కలదు.

ఇక చీనా సంగతి. సంస్కృతమున హరీతకి యైనది పారశీకమున హలీలా అయినది. చీనా భాషలో హెలిలె అయినది. చీనా లిపికి మనకువలె అక్షరమాల లేదు. ఒక్కొక్క చిహ్నమునకు ఒక్కొక్క అర్థముండును. పరభాషాపదమును వ్రాయవలసివచ్చినపుడు అర్థమును ప్రక్కకు పెట్టి, ధ్వనినిమాత్రమే చూచి, చిహ్నములను వరుసగా పేర్చవలెను. తమ భాషలో ఏదో ఒక కొత్తపేరు పెట్టుకొనుట వారికి ఇంతకంటె సులభము. ఆ పని చేయక మూడు చిహ్నములతో మూడు ధ్వనులను నిలిపిరి. తరువాతి కాలమున మొదటి చిహ్నమునుమాత్రముంచి, గింజయనియు కాయయనియు అర్థమిచ్చు "జు" అను చిహ్నమును దానికి తగిలించి హెజు అనిరి. నేటి చీనా ప్రభుత్వ ఔషధసంహితలోను ఆ పేరే యున్నది. ఆ మొదటి ధ్వని హరీతకియందలి హకారమే.

చీనా వైద్యులలో మన చరకునివలె పూజ్యుడైన జాంగ్ జోంగ్‌జింగ్, క్రీ.శ. 200 ప్రాంతపువాడు. ఆయన పేర నున్న గ్రంథమున ఈ కాయతో నొక యోగము కలదు. పది కాయలను నిప్పుసెగను కాల్చి, చూర్ణించి, గంజిలో కలిపి ఒక్కసారిగా త్రాగవలెనట. విరేచనములు ఆగుటకు అది మందు. ఆ గ్రంథము తరువాతివారి చేతులలో కొంత పెరిగినదని పండితులు చెప్పుదురు గనుక, ఆ తేదీని మనము పట్టుకొని వాదింపనక్కరలేదు. తిరుగులేని సాక్ష్యము 659వ సంవత్సరమున దొరకుచున్నది. టాంగ్ చక్రవర్తి యాజ్ఞచే ఆ యేట పూర్తియైన ఔషధనిఘంటువునందు హెలిలె క్రొత్తగా చేర్చబడినది. అది జియావో, ఐ అను సీమలలో, అనగా నేటి వియత్నాము ఉత్తరభాగమున పెరుగునని అందు వ్రాసిరి.

671లో గ్వాంగ్జౌ రేవున ఓడ నెక్కి, మన దేశమునకు వచ్చి, నలందలో పదియేండ్లకు తక్కువగాక చదివిన ఇత్సింగ్ అను బౌద్ధయాత్రికుని మాట ఇంకను విలువైనది. కరక్కాయ పెచ్చు, శొంఠి, చక్కెర సమపాళ్లుగా కలిపి ఉండలు చేసి ఉంచుకొన్నచో అనేక రోగములకు పనికివచ్చునని ఆయన తన దేశమునందలి భిక్షువులకు వ్రాసెను. దినమున కొక కాయను నమిలి రసమును మ్రింగువానికి జన్మాంతము రోగము రాదనియు చెప్పెను. ఈ రెండవది అతిశయోక్తియే కావచ్చును. మొదటిది మాత్రము మన అవ్వలు నిన్నమొన్నటివరకు డబ్బాలలో నిలువచేసిన ఉండయే.

టాంగ్ రాజుల రాజధానియైన చాంగాన్ నగరమున "మూడు లెల పానకము" అనునది ప్రసిద్ధమై యుండెను. మూడు లెలు అనగా నేమి? ఆమలకమును వారు అన్‌మొలె అనిరి, విభీతకమును పిలిలె అనిరి, హరీతకి హెలిలె. పేర్లు మూడును లెకారాంతములు. మన త్రిఫలలే! మద్యమును పోలిన ఆ పానకమును చేయు విధము పారశీకులనుండి వచ్చినదని ఆనాటి గ్రంథకర్త వ్రాసెను. ఆ పారశీక నావికులు కరక్కాయలను మందుకొరకు మాత్రమే గాక వేరొక పనికిని ఓడలలో ఉంచుకొనెడివారట. మహామత్స్యమొకటి సముద్రముపై క్రోసులకొలది జిగట సొంగను విడువగా ఓడ కదలకపోయెననియు, కరక్కాయలను కాచి ఆ నీటిని పోయగా జిగట విరిగి నీరైపోయెననియు చీనా ఔషధగ్రంథములు గంభీరముగా చెప్పుచున్నవి. వగరు కాయ జిగటను విరుచుననుట నిజమే గాని, సముద్రముపై కషాయము పోసిన ఆ వంటవాని గుండెధైర్యమును మెచ్చుకొనవలెను.

గ్వాంగ్జౌ నగరమున గ్వాంగ్‌షియావో అను పురాతన బౌద్ధాలయము నేటికిని కలదు. మూడవ శతాబ్దమున ఒక పండితుడు ప్రవాసశిక్ష ననుభవించుచు అచ్చట ఉండి, తన తోటలో కరక చెట్లను పెంచెననియు, ఆయన మరణానంతరము ఆ తోట దేవాలయమయ్యెననియు ఆ ఆలయపు ఐతిహ్యము. ఆ తావునకు కరకవనము అను పేరు వచ్చినది. పదునొకండవ శతాబ్ది నాటికి అచ్చట నలువది యేబది చెట్లుండెననియు, ప్రతియేట ఆ కాయలు రాజనగరునకు పోవుచుండెననియు, ఆలయమునకు వచ్చిన యతిథులకు అచ్చటి భిక్షువులు చెట్టుక్రింది బావినీటిలో పచ్చి కరక్కాయలను అతిమధురముతో కాచి ఇచ్చుచుండిరనియు ఒక గ్రంథము తెలుపుచున్నది. చెట్ల వేళ్లు బావిలోనికి దిగియుండుటచే ఆ నీరు ఉప్పగిల్లదని వారి నమ్మకము. చీనానుండి కాయ జపానుకును పోయినది. నారా నగరపు రాజభాండాగారమునకు 756లో ఆ దేశపు రాణి సమర్పించిన అరువది మందుల పట్టికలో దీని పేరున్నది. తరువాతి కాలమున జపానువారు దానిని పట్టుత్రాళ్లతో అలంకరించి గదిలో మంగళార్థము వ్రేలాడదీయసాగిరి. మన మామిడాకుల తోరణమువలె కాబోలు.

ఈ వృత్తాంతమునంతయు ఇంత విస్తరించుటకు కారణము కలదు. ఇట్టి సంగతులు చెవిని బడగానే మనవారిలో కొందరు బల్లను గ్రుద్ది, "చూచితిరా! చీనావారి వైద్యమంతయు మన సొమ్ము, మననుండి తస్కరించినదే" అందురు. సంఘపు సమావేశములలో ఇట్టి ఉపన్యాసములను మేము పలుమారులు వింటిమి. ఈ వాదము తప్పని మా యభిప్రాయము. దొంగిలించినవాడు మొదట పేరు మార్చును. చీనావారు పేరును పదుమూడు వందల యేండ్లకు పైగా అట్టిపెట్టిరి. అంతేకాదు. పదునారవ శతాబ్దమున చీనా ఔషధశాస్త్రమునకు మకుటాయమానమైన గ్రంథమును రచించిన లీ షిజెన్, హెలిలె అనునది సంస్కృతపదమనియు, స్వర్గాధిపతి తెచ్చినదని దాని యర్థమనియు వ్రాసెను. అదే శతాబ్దమున మన దేశమున భావమిశ్రుడు భావప్రకాశమును రచించుచు, ఇంద్రుడు అమృతము త్రాగుచుండగా భూమిపై బడిన బిందువునుండి హరీతకి పుట్టినదని చెప్పెను. ఒకరి నొకరెరుగని ఇద్దరు వైద్యులు ఒకే కాలమున, ఒకే కాయకు, ఒకే దేవుని సాక్షిగా నిలిపిరి. పుట్టినింటి కథను ఇంత దూరము మోసికొనిపోయినవారిని దొంగలనుట న్యాయము కాదు.

మరియు, వారు తీసికొని ఊరకుండలేదు, పనిచేసిరి. ఆ పనియేదో కొంచెము చూడవలెను. మనకు కరక్కాయ అనగానే సుఖవిరేచనము జ్ఞప్తికి వచ్చును. రాత్రి పరుండబోవునపుడు త్రిఫలచూర్ణము వేడినీటితో పుచ్చుకొనుట దానికొరకే. చీనా వైద్యునికి హెజు అనగానే జ్ఞప్తికి వచ్చునది దీనికి సరిగా ఎదురు: ఎడతెగని విరేచనములను కట్టివేయుట, పాతదగ్గును అణచుట, పోయిన గొంతును తిరిగి తెచ్చుట. ఒకే కాయ ఒకచోట తలుపు తెరచును, ఒకచోట తలుపు మూయును. ఇందెవరు పొరపడిరి? ఎవరును పొరపడలేదు. నమిలిన కరక్కాయ జఠరాగ్నిని పెంచుననియు, నూరినది మలశోధనము చేయుననియు, ఉడికించినది మలమును బంధించుననియు, వేయించినది మూడు దోషములను శమింపజేయుననియు భావమిశ్రుడే చెప్పియున్నాడు. పాకమును బట్టి గుణము. ఇందలి బంధనగుణమును చీనావారు ప్రధానముగా గ్రహించి, దానినే సానబట్టిరి. కాల్చినది ప్రేవులకు, పచ్చిది కంఠమునకు అని వారు విభజించిరి. గొంతు పోయినవారికి ఈయబడు వారి ప్రాచీనయోగమొకటి కలదు. కరక్కాయలు, అతిమధురము, జియెగెంగ్ అను గంటపూవుల మొక్క వేరు, ఈ మూడింటిలో ప్రతిదానిని సగము పచ్చిగను సగము కాల్చియు కలుపుదురు. ఇట్టి నేర్పు ఎరువు తెచ్చుకొన్నది కాదు. తరములు తరములుగా రోగిని చూచి నేర్చుకొన్నది. మంగోలియా వైద్యులు వత్సనాభి జాతి విషమూలికను కరక్కాయ కషాయములో నానబెట్టి దాని తీవ్రతను తగ్గింతురు. టిబెట్టువారు తమ వైద్యబుద్ధుని చేతిలోనే ఈ కొమ్మను ఉంచిరి. పిందెగానున్నపుడే కోసి ఎండబెట్టిన కాయలు చీనా అంగళ్లలో "టిబెట్టు పచ్చకాయ" అను పేర గొంతునొప్పికి వేరుగా అమ్మబడును. మహారాష్ట్రమున జున్నరు, అంబేగావు కొండలలో అడవిబిడ్డలు సేకరించు బాలహిరడా ఇట్టి పిందెయే. అచ్చటి మన సోదరులకు ఇది తెలిసియే యుండును.

ఇంకొక పక్షమువారును కలరు. వీరు బల్లను గ్రుద్దరు. నిశ్శబ్దముగా డబ్బు చెల్లింతురు. పచారుకొట్టున గోనెసంచిలోనున్న కరక్కాయను చూచి ముక్కు విరిచి, అదే కాయ గాజుసీసాలో పరదేశపు చీటీతో వచ్చినపుడు కండ్లకద్దుకొందురు. బల్లగ్రుద్దువారికంటె వీరివలన మనకు నష్టమెక్కువ. ఏలయన, అతిశయముతో చెప్పుకొనువాడు కనీసము పేరును మరువడు.

పేరు మరచిపోవుట అనునది ఒక్క పదము పోవుట కాదు. చీనాలో ఈ కాయ మందుగానే నిలిచినది. మనలోనో, అది మందుల పెట్టె దాటి ఇల్లంతయు వ్యాపించినది. పసిబిడ్డకు కడుపుబ్బరమైనపుడు సానరాతిపై కరక్కాయ అరగదీసి నాలుకకు రాచుట, దగ్గు వచ్చినపుడు ముక్కను బుగ్గన పెట్టుకొనుట మన యిండ్లలో అందరు చేసినవే. శ్రీకాళహస్తి, పెడన అద్దకపువారు గుడ్డపై గీత గీయుటకు ముందు దానిని కరక్కాయపొడియు గేదెపాలును కలిపిన నీటిలో ముంచి ఎండబెట్టుదురు. ఆ వగరు గుడ్డలో ఇంకియున్నచోటనే, బెల్లమును ఇనుపముక్కలను ఊరవేసిన నీరు తగిలి నల్లరంగు అగును. పాలు ఆ గీతను చెదరనీయవు. కరక్కాయ కషాయమున అన్నభేది వేసి సిరా కాచుకొన్నది మన పూర్వులు. కోటగోడల గచ్చు గట్టిపడుటకు సున్నములో బెల్లపునీటితో పాటు కరక్కాయనీరు పోసిరి. తోళ్లు ఊనుటకై ఈ కాయ ఓడలకొలది ఐరోపాకు పోయిన రోజులలో, సరకు రకములకు రేవుల పేర్లును ఊళ్ల పేర్లును పెట్టిరి: బిమ్లీ, జబ్బల్పూరు, రాజపూరు, వెంగుర్ల, మద్రాసు. బిమ్లీ యనగా మన భీమునిపట్టణమే. వెంగుర్ల కొంకణపు రేవు. మనము చెదిరియున్న సీమలు అనేకము ఆ ఒక్క పట్టికలో నున్నవి.

ఇన్ని పనులకు ఇన్ని మాటలు తెలుగున నుండెను. అరగదీయుట, నాకించుట, పెచ్చు, పలుకు, వగరు, కషాయము, ఊనుట. "అరగదీయుట" అనుమాటకు పాఠశాలలో బిడ్డకు అర్థము చెప్పవలెనన్న పది వాక్యములు కావలెను. సానరాయి చూపినచో ఒక్కటియు అక్కరలేదు. కాయ వంటయింటినుండి పోయిననాడు ఈ మాటలు గుంపుగా పోవును.

కడుక్కాయ్ అనుట తప్పని మేము అనుట లేదు. మధురలోను, కోయంబత్తూరులోను అంగడికి పోయి కడుక్కాయ్ అనక మరియేమందురు? నాయకరాజుల కాలమునుండి, అంతకు పూర్వమునుండి ఆ నేలనున్నవారము; పొరుగువాని మాట మన నోట పలుకుట సహజము, మర్యాదయు. బరంపురమున హరిడా, హుబ్బళ్లియందు అళలెకాయి, షోలాపురమున హిరడా అనుటయు అట్టిదే. అంగడిలో ఒక పేరు, ఇంటిలో ఒక పేరు ఉండుటకు అభ్యంతరమేమి? మాకు విచారము కలిగించునది, ఇంటిలోని పేరు ఖాళీ అగుట. యానామువంటి తావున, ఫ్రెంచివారి పరిపాలన 1954 వరకు సాగినను, ఇంటిమాట తెలుగే యగుటచే కరక్కాయ కరక్కాయగనే నిలిచినది. రెండు మూడు భాషల నడుమ బ్రదుకు తక్కిన సీమలవారమే జాగ్రత్తపడవలసియున్నది. చీనావారు తమ భాషకు ఏమాత్రము ఒదుగని లిపిలో ఈ కాయ పేరును పట్టుకొనియుండగా, ఏ కష్టమును లేకుండ నాలుగక్షరములు వ్రాయగలిగిన మనము విడిచితిమన్నచో ఏమి చెప్పుదుము?

లేఖ వ్రాసినవారికిని, ఇట్టి ప్రశ్న మనసున గలవారికిని వాడుకను గూర్చి ఒక మాట. పరదేశపు పొట్లములోనిదైనను, పచారుకొట్టులోనిదైనను, దినదినము త్రాగుటకు ఇది తేనీరు కాదు. చీనా ఔషధసంహిత దినమునకు 3 నుండి 10 గ్రాములు పరిమితిగా చెప్పినది. జలుబు, జ్వరము తలయెత్తిన తొలిదినములలో అచ్చటి వైద్యులు దీనిని ఈయరు. బయటికి పోవలసిన దోషమును లోపల బంధించునని వారి భయము. గర్భిణులకు, మిక్కిలి చిక్కినవారికి, ఉపవాసముచే నీరసించినవారికి, దూరము నడిచి డస్సినవారికి, పిత్తము హెచ్చినవారికి ఈయరాదని మన శాస్త్రము. రెండు దేశముల వైద్యులును వేరువేరు కారణములతో జాగ్రత్తనే చెప్పుచున్నారు. గొంతునొప్పి పదిదినములకు మించినచో కాయను ప్రక్కకు పెట్టి వైద్యుని చూడవలెను. కొనునపుడు క్రొత్తదియు, నిండుగా గుండ్రముగా బరువుగా నున్నదియు, నీటిలో వేసిన మునుగునదియు ఎంచుకొనుడని భావప్రకాశము. తేలునది లోపల డొల్ల, లేదా పురుగు తిన్నది. చీనా గ్రంథములు ఆరు పలకలు గలది శ్రేష్ఠమని చెప్పును; మన అంగళ్లలో అయిదు పలకలదే సాధారణము గనుక ఆరవదానికై వెదకి కాలము వ్యర్థపరుపనక్కరలేదు.

ఇక మేము కోరునది. తాళపత్రములలోని వైద్యమును గూర్చి పండితులు చూచుకొందురు. తంజావూరు సరస్వతీమహలువంటి భాండాగారములు అందులకున్నవి. వంటయింటి వైద్యమునకు భాండాగారము లేదు; అది డెబ్బది యెనుబది యేండ్ల పెద్దల నోట మాత్రమే యున్నది. ప్రతి శాఖాసంఘమును తమ యూరి పెద్దలను, ముఖ్యముగా స్త్రీలను అడిగి, మందుగా వాడిన కాయ, వేరు, ఆకు, దినుసులకు ఇంటిలో పలికిన తెలుగుపేరును, ఆ యూరి అంగడి పేరును, వాడిన విధమును మూడు వరుసలుగా వ్రాసి పంపవలెను. పేరు గ్రంథములలోనిది కానక్కరలేదు. ఉచ్చారణ మారియున్నచో మారినట్లే వ్రాయుడు, మేము దిద్దము. ఆదివారపు తెలుగు తరగతులు నడపువారు పుస్తకముతో పాటు నాలుగు దినుసులను బల్లపై నుంచి పేర్లు చెప్పించినచో ఖర్చు పదిరూపాయలు మించదు.

తొలి పట్టికలో త్రిఫలములు మూడింటిని వేయుదుము. ఉసిరికకు, కరక్కాయకు నాలుగు సీమల పేర్లు మావద్ద నున్నవి. తానికాయకు గంజాము, కొరాపుట్టు జిల్లాలలోని తెలుగిండ్లలో ఏమందురో ఆ ప్రాంతపు పాఠకులు నెలాఖరులోపల వ్రాయవలసినదిగా కోరుచున్నాము.